గంగలో వదిలిన పండు

పురుషోత్తం రావు ఇంట్లో 'కూరగాయ' అనే మాట చెల్లదు.

జగిత్యాల కాలేజీలో ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పి, రిటైరై కోరుట్లలో స్థిరపడ్డాడాయన. భార్య ప్రమీల అంగడి నుంచి వంకాయలు తెస్తే చాలు, పాఠం మొదలయ్యేది.

"కూరగాయ అనకు. పువ్వులకెళ్లి పుట్టి, లోపట గింజలున్నయంటే గది పండే."

టమాట పండు. బెండకాయ పండు. బీరకాయా పండే. చుట్టాల ముందు కూడా వదిలేవాడు కాదు. ఏ పండైనా సరే, వేళకు వేడివేడిగా కంచంలోకి మాత్రం రావాలి. ఆయన చేత్తో పొయ్యి వెలిగించి ఎరగడు.

మాఘమాసంలో పక్కింటి శైలజతో కలిసి టూరు బస్సులో కాశీకని వెళ్లిన ప్రమీల, వారం తర్వాత ఇల్లు చేరింది.

"గంగల ఏం ఇడిచిపెట్టినవ్?" అడిగాడు పురుషోత్తం రావు. వంకాయ వదిలేసిందేమోనని ఆయన భయం.

"పండు."

"ఏం పండు?"

"పేరేం చెప్పలే. పండు అన్న, అంతే. ఇగ ఏ పండూ తిన, చేతితోని ముట్ట."

ఆయన హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. మర్నాడు కంచంలో కారం లేని పాలకూర పడింది.

"వంకాయ చెయ్యలేదా?"

"అయ్యో, గది పండు కద! మీరే చెప్తిరి. మిర్చి సుత పండేనాయె."

"గది సైన్సుల, ప్రమీలా! వంటింట్ల కూరగాయనే."

"ముప్పై ఏండ్లసంది వంటింట్లనే నిలవడి చెప్పిండ్రు కద. ఇప్పుడు మాట మారిస్తే గంగమ్మ ఊకుంటదా?"

మూడు రోజులు చప్పటి చేమగడ్డ, ఆలుగడ్డ, ముల్లంగి. నాలుగో రోజు ఆయనే కత్తిపీట ముందు చతికిలబడ్డాడు. మొదటి వంకాయకే వేలు తెగింది.

ప్రమీల గడప బయట కుర్చీ వేసుకుని కూర్చుంది. "పండ్లను గంత సన్నగ కొయ్యకుండ్రి," అంది.

శాస్త్రం ప్రకారం వడ్లగింజ కూడా పండే. ఆ సంగతి పురుషోత్తం రావుకు బాగా తెలుసు. తెలిసిన విషయాన్ని నోరు కుట్టుకుని దాచడం ఆయనకు జీవితంలో అదే మొదటిసారి.

ఉగాది దాటేసరికి చెయ్యి తిరిగింది. ఒక మధ్యాహ్నం గుత్తివంకాయ నూనె తేలేలా కుదిరింది. తన మీద తనకే ముచ్చటేసింది. శైలజ వచ్చిన అలికిడి విని, ఆమెకూ రుచి చూపిద్దామని గిన్నె పట్టుకుని వరండాలోకి బయల్దేరాడు.

తలుపు దాటబోతుంటే శైలజ గుసగుస వినిపించింది.

"నాగపూర్ల బస్సు ఖరాబైతే మా అక్కింట్లనే వారం దినాలుండి వాపస్ అచ్చినమని, కాశీ మొఖమే చూడలేదని అన్నకు ఇగ ఎన్నడు చెప్తవ్ వదినా?"