పార్కులో పగవాడు

"లే! అది నా బెంచీ."

డ్రైవరు తలెత్తి చూశాడు. మెడకు మఫ్లరు, చెవులదాకా టోపీ, బక్కపలచటి ముసలాయన ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"దీని మీద నీ పేరేమైనా రాసుందా?"

"నడవడానికొచ్చావా, కూర్చోవడానికొచ్చావా? కూర్చునేదానికైతే ఇంట్లోనే పడి ఏడవొచ్చుగా!"

డ్రైవరుకు అరికాలి మంట నెత్తికెక్కింది. బస్సు నడిపిన రోజుల్లో చెకింగు ఇన్‌స్పెక్టరు కూడా తనను "మీరు" అనేవాడు. దారినపోయే దానయ్య ఎవడో ఏకవచనంలోకి దిగుతాడా?

చేతికర్ర నేలకు తాటించి లేచాడు. ఆ కోపంలో అవతలి గేటుదాకా ఎక్కడా ఆగలేదు.

చలికాలం మొదట్లో పక్షవాతం వచ్చి ఎడమకాలు మాట వినడం మానేసింది. ఈ చలి తగ్గేలోపు కర్ర లేకుండా నడిస్తేనే విమానం ఎక్కనిస్తానని డాక్టరు ఖరాఖండిగా చెప్పేశాడు.

వసంతంలో చెల్లెలి పెళ్లి, పరాయి దేశంలో.

అమ్మానాన్నా పోయాక తనే తల దువ్వి, జడలు వేసి, బడికి పంపిన చెల్లెలు. నర్సు ఉద్యోగానికని దేశం దాటి, రోగుల మంచాల చుట్టూ తిరగడంతోనే వయసంతా గడిపేసి, యాభై దాటాక ఇప్పుడు ఒక తోడు చూసుకుంది.

"నువ్వు నా పక్కన నిలబడకపోతే పెళ్లి కాగితాల మీద సంతకం పెట్టను అన్నయ్యా" అంది ఫోనులో.

అయినా దుప్పట్లోంచి కాలు బయటికి రాలేదు. రేపు, ఎల్లుండి అంటూ వాయిదాలు వేశాడు. చెల్లెలు బతిమాలింది, కసిరింది, ఏడ్చింది. చివరికి ఎలాగో పార్కు మొహం చూశాడు. చూసిన రోజే ఈ శని దాపురించింది!

మర్నాడు పంతం పట్టి పెందలాడే వెళ్లాడు, ఆ బెంచీ మీదే కూర్చోవాలని.

మఫ్లరు మనిషి అప్పటికే వచ్చి ఉన్నాడు. ఒక బెంచీ మీద సంచీ, పక్కదాని మీద గొడుగు, ఆ పక్కదాని మీద తను.

"పార్కేమన్నా మీ తాత కట్టించాడా?"

"కట్టించాడు. నీకేం నొప్పి? పద పద. ఇంజను మోత బాగానే ఉంది, చక్రాలే తిరగట్లేదు. డొక్కు బస్సు!"

డ్రైవరు పళ్లు నూరుకుంటూ నడిచాడు.

రోజూ ఇదే వరస. కాపలాదారుకు విసుగొచ్చింది.

"ఎందుకు సార్ గొడవ? మీరు అటువైపు దారిలో నడవండి."

"నేనెందుకు నడవాలి? వాణ్ణే పొమ్మను!"

పొగమంచు కురిసినా, గాలి చెంపలు కోసినా డ్రైవరు ఒక్కరోజూ మానలేదు.

"నడుస్తున్నావా అన్నయ్యా?" అని చెల్లెలు అడిగితే, "మానేస్తే ఆ ముసలి పీనుగు గెలిచినట్టేగా!" అన్నాడు.



"పెద్దాయన కదా, అలా అనకు అన్నయ్యా" అంది మెల్లగా.

"పెద్దాయనా? నోరు తెరిస్తే మురిక్కాలవ!"

మోడు కొమ్మల మీద ఎర్రటి చిగుళ్లు తొంగిచూసే వేళకు డ్రైవరు కాలు దారిలో పడింది. మఫ్లరు మనిషికి దగ్గు ఎక్కువైంది. తెరలు తెరలుగా దగ్గేవాడు. దగ్గు ఆగగానే తిట్టేవాడు.

"నీ కాలు నీది కాదు, ఆ కర్రది. అది లాగేస్తే కుప్పకూలతావు."

"అలాగా? చూడు మరి!"

డ్రైవరు కర్రను అతని కాళ్ల ముందు విసిరికొట్టాడు. గేటుదాకా వెళ్లి, వెనక్కి తిరిగి, ఛాతీ విరుచుకుని వచ్చి నిలబడ్డాడు. ఒళ్లంతా చెమట.

"చూశావా?"

"చూశాను. బాతు నయం."

డ్రైవరుకు కోపంతో ఒళ్లు తెలియలేదు.

"నువ్వు చస్తేగానీ ఈ పార్కుకు పీడ వదలదు!"

ముసలాయన వంగి కర్ర తీసుకుని, దాని మీదే బరువంతా ఆనించి నెమ్మదిగా వెళ్లిపోయాడు.

"దొంగ వెధవ! కర్ర కూడా కొట్టేశాడు" అన్నాడు డ్రైవరు, కాపలాదారుకు వినిపించేలా.

మర్నాటి నుంచి బెంచీలన్నీ ఖాళీ. డ్రైవరు దర్జాగా ఒకదాని మీద కూర్చున్నాడు. ఎందుకో కుదురుగా అనిపించక లేచి నడిచాడు.

వసంతం వచ్చింది. విమానం దిగి, ఊతం లేకుండా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచి బయటికి వచ్చాడు. చెల్లెలు పరుగెత్తుకొచ్చి వాటేసుకుంది. పక్కన కాబోయే బావగారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎలా నడిచాననుకున్నావే? ఆ దుర్మార్గుడి మీద కసితో! భయపడి పారిపోయాడు కూడా."

చెల్లెలు తల దించుకుంది.

"పారిపోలేదన్నయ్యా. పోయారు."

"నీకెలా తెలుసు?"

"ఆయన మా అన్నయ్యండీ, మీ ఊళ్లోనే ఉండేవారు" అన్నాడు పెళ్లికొడుకు. "పెళ్లిదాకా ఉండరని డాక్టర్లు ముందే చెప్పారు. 'నీ పక్కన నేనెలాగూ నిలబడలేను, ఆ అమ్మాయి అన్నయ్యనైనా పంపిస్తాను' అన్నారు."



"బుజ్జగిస్తే కదలవు, రెచ్చగొడితే ఆగవని నీ సంగతి ఆయనకు నేనే చెప్పాను" అంది చెల్లెలు కళ్లు తుడుచుకుంటూ. "వీధి ఊడ్చేవాళ్లను కూడా 'మీరు' అని తప్ప పిలిచి ఎరగని మనిషి అన్నయ్యా, నిన్ను తిట్టి ఇంటికెళ్లిన ప్రతిరోజూ నాకు ఫోన్ చేసి క్షమించమని అడిగేవారు."