పదిహేడో పేజీ

"మీరు నలభై ఒకటో వారు," అన్నాడు లెక్చరర్ తలెత్తకుండానే.

బల్లకు అవతల నిలబడ్డ ముసలాయన చేతిసంచీ సర్దుకున్నాడు. "ఎందులోనండి?"

"ప్రధాన సంఖ్యల చిక్కు విప్పేశామంటూ ఈ ఏడాది మా గడప తొక్కినవాళ్లలో."

"నలభై ఒకటి మంచి సంఖ్యండి. ఎవరెంత భాగించబోయినా లొంగదు."

లెక్చరర్‌కు నవ్వు రాలేదు. గోడ గడియారం ఒకటిన్నర చూపిస్తోంది. మూడింటికి సభ.

ప్రధాన సంఖ్యలకు అంతం లేదని యూక్లిడ్ రెండు వేల ఏళ్ల కిందటే తేల్చాడు. పదకొండు-పదమూడు, పదిహేడు-పందొమ్మిది లాంటి కవలలకు అంతం ఉందో లేదో తేల్చడం మాత్రం ఎవరి వల్లా కాలేదు. వాటికీ అంతం లేదని నిరూపించామంటూ ప్రొఫెసర్ ఇవాళ పదిమంది ముందూ ప్రకటించబోతున్నారు. గణిత పత్రికకు పంపిన వ్యాసం సంగతి ఏడాదైనా తేలకపోయేసరికి ఆయన ఇక ఆగలేకపోయారు.

అందులో కీలకమైన మెట్టు లెక్చరర్‌ది. ఆరేళ్లుగా ఏడాదికోసారి పొడిగిస్తూ వస్తున్న అతని ఉద్యోగం సభ సవ్యంగా జరిగితే ఖాయమవుతుంది. పొద్దున్నుంచి భార్య రెండుసార్లు ఫోన్ చేసింది. తీసి మాట్లాడే ధైర్యం చాలలేదు.

"ప్రొఫెసర్ గారిని మూడింటిలోపల చూడాలండి. ఒక తప్పుంది," అన్నాడు ముసలాయన.

"తప్పు ఎప్పుడూ ఉంటుంది. మీరెక్కడ పనిచేస్తారు?"

"అది చెప్పకూడదండి."

"పోనీ పేరు?"

"అదీ చెప్పకూడదు."

లెక్చరర్‌కు సంగతి అర్థమైపోయింది. ఇలాంటి వాళ్లందరికీ ఒకటే బెంగ, తమ నిరూపణను ఎవడో కొట్టేస్తాడని. వీళ్ల కోసమే శాఖలో చీటీలు అచ్చు వేయించి పెట్టారు. 'మీ నిరూపణలో ఫలానా పేజీ, ఫలానా వరుసలో తప్పు ఉంది' అని ఉంటుంది. ఖాళీల్లో ఏవో రెండు అంకెలు పడేస్తే చాలు, మనిషి ఆరు నెలలదాకా ఆ ఛాయలకు రాడు.

ముసలాయన సంచీలోంచి తీసిన కట్టను ముట్టుకోకుండానే ఏడో పేజీ, పన్నెండో వరుస అని రాసిచ్చాడు.

ముసలాయన ఆ చీటీని రెండు చేతులా అందుకున్నాడు. వరండాలో బెంచీ మీద కూర్చుని కట్ట విప్పాడు.

రెండుంబావుకు లెక్చరర్ తలుపు సందులోంచి తొంగిచూశాడు. ఆయన వేలితో వరుసలు లెక్కపెడుతూ ఇంకా ఆ పేజీ మీదే ఉన్నాడు. ఒక్క క్షణం జాలేసింది. వెంటనే గడియారం గుర్తొచ్చింది.

రెండున్నరకు ముసలాయన మళ్లీ వచ్చాడు.

"గంటసేపు చూశానండి. ఏడో పేజీలో తప్పేమీ లేదు. తప్పు పదిహేడో పేజీలో ఉంది."

"మీకే తెలిసినప్పుడు నా ప్రాణం ఎందుకు తీస్తారు? వెళ్లి సరిచేసుకోండి."

"సరిచేసే తెచ్చానండి. నలభై ఏళ్లు పట్టింది."

"నలభై ఏళ్లు ఆగినవారు రేపటిదాకా ఆగలేరా?"

"మూడు దాటితే లాభం లేదు." ముసలాయన గొంతు తగ్గించాడు. "మనం పొరబడ్డా సంఖ్యలకేం కాదండి. మనం పుట్టకముందూ ఉన్నాయి, పోయాకా ఉంటాయి. పొరబడితే నలిగేది మనిషే."

ఈ వేదాంతంతో లెక్చరర్‌కు ఒళ్లు మండింది. వాచ్‌మన్‌ను పిలిచాడు.

ముసలాయన పెనుగులాడలేదు. కట్టను బల్ల మీద పెట్టాడు. "వీలైతే ఆ ఒక్క పేజీ చూడండి."

"చూస్తాం, చూస్తాం," అంటూనే లెక్చరర్ హాలువైపు పరుగెత్తాడు.

సభ గంటసేపు నల్లేరు మీద బండిలా సాగింది. ముందు వరుసలో, అతని ఉద్యోగం ఖాయం చేయాల్సిన డైరెక్టర్ తల ఊపుతూ కూర్చున్నారు. గండం గడిచిందనుకుంటుండగా మూడో వరుసలోంచి ఒకావిడ చెయ్యెత్తింది.

"పదిహేడో పేజీలో దీనితో భాగించారు కదా. ఇది సున్నా అయితే భాగహారమే చెల్లదు. కాదని ఎలా తెలుసు?"

ప్రొఫెసర్ లెక్చరర్ వైపు చూశారు. ఆ మెట్టు తనదే కావడంతో అతను లేచి నిలబడ్డాడు.

"సున్నా కాదండి."

"ఎందుకు కాదు?"

హాలంతా అతని వైపే చూస్తోంది. తన ప్రతిలో పదిహేడో పేజీ తీసి చదివాడు; సున్నా కాదనే ఉంది, ఎందుకో లేదు.

ప్రొఫెసర్ సుద్దముక్క కింద పెట్టి, ప్రకటన వెనక్కి తీసుకుంటున్నానన్నారు. డైరెక్టర్ లేచి వెళ్లిపోయారు.

లెక్చరర్ గదికి పరుగెత్తి కట్ట విప్పాడు.

అది ముసలాయన రాసిన నిరూపణ కాదు. మొదటి పేజీలో ప్రొఫెసర్ పేరు, దాని కింద తన పేరు. ప్రతి పేజీ అంచునా పెన్సిలుతో సన్నని రాత. పదిహేడో పేజీకి నాలుగు కాగితాలు కుట్టి ఉన్నాయి. అది సున్నా ఎందుకు కాదో వాటిలో పసిపిల్లలకు చెప్పినంత తేటగా ఉంది.

గేటు దాకా పరుగెత్తాడు. ఆయన బస్సెక్కి గంట దాటిందన్నాడు వాచ్‌మన్. ఏ బస్సో తాను చూడలేదన్నాడు.

తిరిగొచ్చేసరికి ప్రొఫెసర్ అతని కుర్చీలో కూర్చుని, కట్ట అడుగున దొరికిన ఉత్తరాన్ని చదువుతున్నారు. పైకి చదవమన్నాడు లెక్చరర్.

"'నలభై ఏళ్లుగా ఇదే చిక్కుతో కుస్తీ పడి రాసిన ఈ నాలుగు కాగితాలూ మీ కుర్రాడి పేరుతోనే వేసుకోండి. నేను మిమ్మల్ని కలవకూడదన్నది నియమం. కానీ మూడింటి తర్వాత ఈ తప్పు బయటపడితే అతని బతుకు ఏమవుతుందోనని నియమం తప్పి వస్తున్నాను. తప్పాను కాబట్టి ఈ సాయంత్రమే ఈ పని నుంచి తప్పుకుంటున్నాను.'"

"సంతకం?"

"లేదు."

"ఎవరు సార్ ఆయన?"

ప్రొఫెసర్ ఉత్తరాన్ని మడిచి బల్ల మీద పెట్టారు.

"మన వ్యాసం మంచిచెడ్డలు తేల్చమని పత్రికవాళ్లు ఎవరో పరిశీలకుడికి ఇచ్చారే, ఎవరో మనకు చెప్పలేదే, ఏడాదిగా ఈ గదిలో కూర్చుని ఇద్దరం నోటికొచ్చినట్టు తిట్టుకున్నామే," అన్నారు, "ఆయన."