ఏడు వెండి బిళ్ళలు

"కదలకు," అన్నాడు సయా. ఇరావతి ఏటి ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో రక్షలు పెట్టే గురువును అందరూ అలాగే పిలుస్తారు.

కత్తి మొన కో లూ పే భుజం మీద చర్మాన్ని చీల్చింది. చింతగింజలో సగం ఉన్న వెండి బిళ్ళను సయా ఆ చీలికలో పెట్టి, బొటనవేలితో లోపలికి నెట్టాడు. బిళ్ళ మీద చెక్కిన మంత్రాక్షరాలు నెత్తుట్లో మునిగిపోయాయి. అది ఏడోది. రొమ్ములో మూడు, భుజాల్లో నాలుగు.

అతని భార్య మియా యిన్ గడప దగ్గర కూర్చుని భర్త మోకాళ్ళ వంకే చూస్తోంది. అవి వణుకుతున్నాయి.

"నొప్పిగా ఉందా?"

"చలి," అన్నాడతను. బయట ఎండ మండిపోతోంది.

సయా కత్తి తుడుచుకున్నాడు. "ఇక కవచం నీ ఒంట్లోనే ఉంది. రేపు ఏటి అవతల సర్కారు సిపాయిలు ఎన్ని తూటాలు పేల్చినా నీకు వడగళ్ళతో సమానం. ఒక్కటి గుర్తుపెట్టుకో. ఆడవాళ్ళు కట్టుకునే లుంగీ వేలాడుతుంటే దాని కింద నుంచి మాత్రం నడవకు. నడిచావా, లోపలున్నది ఉత్త వెండి."

"ఈ సంగతి వాళ్ళ తుపాకులకు ఎవరు చెబుతారు సయా?" అంది మియా యిన్.

పక్కింటి కో ఫ్యూ నవ్వాడు. అతను ముందురోజే బిళ్ళలు పెట్టించుకున్నాడు. "ఊరుకో వదినా. నిన్న నా భుజం మీద కత్తి వేస్తే గీత కూడా పడలేదు. మా అన్నకేం కాదు."

సాయంత్రం అన్నం వడ్డిస్తూ ఆమె అడిగింది. "ఎప్పుడొస్తారు?"

"నాలుగు రోజులు."

"పడవ రేవులో కట్టేసి పోతున్నారు. నాకు కావాలంటే ఎలా? మీ ముడి విప్పడం నాకు చేతకాదు."

"మా నాన్న నేర్పిన ముడి. ఏరు పొంగినా ఊడదు. నేనొచ్చి విప్పుతాలే."

"రాకపోతే?"

అతను అన్నం కలిపి కలిపి వదిలేశాడు.

పడుకోబోయే ముందు ఆమె తన ఆకుపచ్చ లుంగీని చేతిలోకి తీసుకుంది. తలుపు పైనున్న వెదురు వాసం వంక చాలాసేపు చూసింది. కడితే పదిమందిలో ఆయన తలెత్తుకోలేరు. లుంగీ మడతపెట్టి పెట్టెలో పెట్టేసింది. అతను గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

తెల్లవారుతుండగా పదకొండు మంది వాకిట్లోకి వచ్చారు. కో లూ పే కత్తి భుజాన వేసుకుని తలుపు దాటాడు. ఇంటి నిచ్చెన మొదటి మెట్టు మీద ఆగి, ఎందుకో తల పైకెత్తాడు. అందరూ అటే చూశారు. వాసానికి ఆకుపచ్చ లుంగీ వేలాడుతోంది.

"ఎంత పని చేసింది," అన్నాడు సయా. "నువ్వు రావద్దు. వస్తే పక్కవాడి రక్ష కూడా చెడుతుంది. మళ్ళీ పెట్టాలంటే పున్నమి దాకా ఆగాలి."

"అన్నను లుంగీ అంచుకు కట్టేసుకున్నావు కదా వదినా," అన్నాడు కో ఫ్యూ. ఈసారి నవ్వలేదు.

మియా యిన్ వెనక్కి తిరిగి చూసింది. పెట్టె మూత తెరిచి ఉంది. ఏదో చెప్పబోయి ఆగింది. రాత్రి అలా అనుకున్నది తనే కదా. తల వంచుకుంది.

కో లూ పే ఆమె వంక చూడలేదు. కత్తి మూలన పెట్టి, లోపల గోడవైపు తిరిగి కూర్చున్నాడు. మిగతావాళ్ళ పడవల తెడ్ల చప్పుడు మెల్లగా దూరమైంది.

పొద్దెక్కాక ఏటి అవతల తుపాకులు పేలడం మొదలైంది. ఆగి ఆగి, చాలాసేపు పేలాయి. లోపల అతను చెవులు మూసుకున్నాడు.

అంతా సద్దుమణిగాక మియా యిన్ పీట ఎక్కి లుంగీ విప్పబోయింది. ముడి రాలేదు. లాగితే ఇంకా బిగిసింది. గోరు విరిగింది. చెయ్యి తీసేసి, ఆ ముడినే చూస్తూ కాసేపు నిలబడింది.

"ఏమండీ," అని నెమ్మదిగా పిలిచింది. "ఈ ముడి విప్పడం నాకు చేతకాదు. మీరే రండి."