మూడో పిలుపు

ఎవరో ఆమె భర్త పేరు పిలుస్తున్నారు.

ఆమెకు నవ్వొచ్చింది. సెలవు మీద వచ్చాడని అప్పుడే స్నేహితులకు తెలిసిపోయిందన్నమాట! గుమ్మంలో నిలబడి కేకలేస్తున్నారు. అతనేమో ఇంకా బూట్లు విప్పలేదు, భుజాల మీద మంచు దులుపుకుంటున్నాడు. దులిపిన మంచు నేల మీద పడకుండా గదిలో తేలుతోంది.

మళ్ళీ పిలిచారు.

"వెళ్ళండి, పిలుస్తున్నారుగా," అంది కలలోనే.

గొడుగు కొన మోకాలికి తగిలింది.

"అమ్మాయీ, లే! నిన్నే పిలుస్తున్నారు."

కళ్ళు తెరిచింది. కోర్టు వరండా. చెక్క బెంచీ. ఒళ్ళో నాలుగేళ్ళ కూతురు నిద్రపోతోంది. కిటికీలోంచి పడుతున్న ఎండలో దుమ్ము మంచులా తేలుతోంది.

ఎదురుగా గొడుగు పట్టుకుని తెల్లచొక్కా పెద్దాయన. పోయిన వాయిదాకి వచ్చినప్పుడూ ఇదే బెంచీ మీద ఉన్నాడు.

"నన్ను కాదండీ, మా ఆయన్ని పిలిచారు."

"ఆయనెక్కడున్నాడు?"

"సరిహద్దులో."

"మరి ఆయన పేరుకి ఇక్కడ ఎవరు పలకాలి తల్లీ? పైనున్న పావురాలా?"

ఆమె చటుక్కున నిటారుగా కూర్చుంది.

మామగారు పోయిన నెలకే బావగారు దావా వేశారు, ఇల్లంతా తనదేనని. మూడుసార్లు పిలిచాక కూడా పలకకపోతే, ఆ ఇల్లు ఆయనదేనని ఈ రోజే తేల్చేస్తారు. సిపాయిల కుటుంబాలకు ఫీజు లేకుండా వాదించే లాయరమ్మ, "మధ్యాహ్నం దాకా పిలవర్లే, కూర్చో," అని ఇంకో హాల్లోకి వెళ్ళింది. ఇంకా పదకొండు కూడా కాలేదు.

గుమ్మంలో బంట్రోతు మూడో పిలుపుకి గొంతు సవరించుకుంటున్నాడు. ఆ సవరించుకోవడం ఎంతకీ తెమలడం లేదు. పెద్దాయన వైపే చూస్తున్నాడు.

"ఉన్నారు! వస్తున్నారు!" అని అరిచాడు పెద్దాయన.

దూలాల మీది పావురాలు లేచిపోయాయి.

"మెల్లిగా అయ్యగారూ, గోడలు పాతవి," అన్నాడు బంట్రోతు.

ఇలాంటి కోర్టు బ్రోకర్లకి మర్యాదలొకటి, అనుకుంది ఆమె.

"మీ ఆయన డ్యూటీలో ఉన్నాడని ఆఫీసరు ఉత్తరం తెప్పించావా?" అన్నాడు పెద్దాయన.

తెప్పించింది. పోయిన వాయిదాలో ఈయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరితేనే రాసి తెప్పించింది. అయినా సంచీ అవతలి భుజానికి మార్చుకుంది. అడక్కుండా సలహా ఇచ్చేవాడు ఆఖర్న చెయ్యి చాపకుండా ఉండడని పక్కింటి పిన్ని మరీమరీ చెప్పి పంపింది.

అనుకున్నట్టే ఆయన చేతులు చాపాడు.

"పాపని నాకిచ్చి లోపలికి పద. ఉత్తరం ముందు పెట్టు, తర్వాతే మాట్లాడు."

"అక్కర్లేదండీ. మా ఇంటి గొడవ మీకెందుకు? ఊరికే ఎవరూ ఇంత చెయ్యరు."

ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"నిజమే తల్లీ. ఊరికే కాదు."

పాపని భుజాన వేసుకుని లోపలికి నడిచింది.

ఫ్యాన్లు నిద్రలో నడుస్తున్నట్టు తిరుగుతున్నాయి. ఎత్తయిన కుర్చీలోంచి జడ్జీగారు ఏదో అడిగారు. ఆమె ఉత్తరం ముందు పెట్టింది.

"ఆయన సరిహద్దులో ఉన్నారండీ. వచ్చి పలకలేరు. నేను పలుకుతున్నాను."

అంతలో లాయరమ్మ ఆయాసపడుతూ పరిగెత్తుకొచ్చింది. ఆ తర్వాత మాటలన్నీ ఆమెకి నీళ్ళ అడుగు నుంచి వినిపించినట్టున్నాయి. ఒక్కటే స్పష్టంగా వినబడింది. సిపాయి తిరిగొచ్చి తన మాట చెప్పుకునేదాకా దావా ఆపుతున్నారు.

బయటికొచ్చేసరికి పెద్దాయన గొడుగు మీద గడ్డం ఆనించి కునుకు తీస్తున్నాడు. ఆయన చెంప మీద ఎండ చిన్న నాణెమంత ఉంది.

లేపి చెప్పాలనిపించింది. ఏమని చెప్పాలో తోచలేదు. ఇంకోసారి వచ్చినప్పుడు చూద్దాంలే అనుకుని, అడుగుల చప్పుడు కాకుండా వెళ్ళిపోయింది.

పదిహేను రోజుల తర్వాత ఆర్డరు కాపీ కోసం వచ్చింది. సంచీలో భర్త ఉత్తరం ఉంది.

"ఆ పెద్దాయన్ని బ్రోకరని ఎలా అనుకున్నావే? పేరు కనుక్కో. సెలవు దొరకగానే ముందు ఆయన దగ్గరికే వెళ్దాం," అని రాశాడు.

బెంచీ ఖాళీగా ఉంది. గొడుగు మాత్రం బెంచీ చేతికి వేలాడుతోంది.

"పెద్దాయన రాలేదా?"

"మొన్న గురువారం పోయారమ్మా. నిద్రలోనే," అన్నాడు బంట్రోతు.

ఆమె బెంచీ మీద కూర్చుంది. పాప గొడుగు తెరవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆయన ప్లీడరా?"

"కాదు."

"మిలిటరీలో చేశారా?"

"లేదమ్మా."

బంట్రోతు వచ్చి, పెద్దాయన కూర్చునే చోటు వదిలి, ఈ చివర కూర్చున్నాడు.

"ఇరవయ్యేళ్ళ కిందట ఈ గుమ్మంలో నిలబడి ఒక సిపాయి పేరు పిలిచాను. మూడుసార్లూ నేనే పిలిచాను. ఎవరూ పలకలేదు. రాలేదని రాసేసి, ఇల్లు అవతలివాళ్ళకిచ్చేశారు. అతనెలా వస్తాడు, యుద్ధంలో ఉన్నాడు. పెళ్ళాం మాత్రం బిడ్డని ఒళ్ళో పెట్టుకుని ఇదే బెంచీ మీద కూర్చుని ఉంది. తన పేరు కాదు కదా అని లేవలేదు."

ఆమె పాపని దగ్గరికి లాక్కుంది.

"తర్వాత?"

"నెల తిరక్కుండా అతను పోయినట్టు కబురొచ్చింది. ఆ తల్లీ బిడ్డలు ఎటు పోయారో ఎవరికీ తెలీదు. అయ్యగారు ఎంత వెతికించినా దొరకలేదు."

"ఆ సిపాయి ఈయన కొడుకా?"

బంట్రోతు తల అడ్డంగా ఊపి, తెరిచి ఉన్న తలుపులోంచి ఖాళీగా ఉన్న ఆ ఎత్తయిన కుర్చీ వైపు చూశాడు.

"రాలేదని రాసింది ఆయనేనమ్మా."