అక్షరాలు కనబడకూడదు

"ముందు ఫోన్ బుట్టలో పడెయ్," అంది మేరెన్.

డార్సీ పడేసింది. ఆ కాలేజీ అమ్మాయిల సంఘంలో ఎవరినైనా నిలదీయాలంటే ముందు ఫోన్ బుట్టలోకి పోవాల్సిందే. పొద్దుటి నుంచీ పెరట్లో తాగి గంతులేసిన మిగతావాళ్లంతా ఫుట్‌బాల్ ఆటకు వెళ్లిపోయారు. ఇంట్లో ఉన్నది వీళ్లిద్దరూ, మేడమీద గురక పెడుతున్న టిల్డా.

సంఘం పరువు కాపలా కాయడం మేరెన్ పని. ఆ పనంటే ఆమెకు ప్రాణం.

"నీ పేజీలో ఏం పెట్టావో నీ నోటితోనే చెప్పు."

"టిల్డా అక్క సోఫాలో పడిపోయి గురక పెట్టింది కదా, ఆ వీడియో. 'మా అక్క అవుట్' అని రాశా. సరదాకే, మేరెన్ అక్కా!"

"దాని గుండెల మీద ఏముంది?"

"చొక్కా మీద మన సంఘం పేరు అక్షరాలు."

"చేతిలో?"

డార్సీ తల దించుకుంది. "మందు గ్లాసు."

"గ్లాసు పడితే ఆ చొక్కా విప్పాలి. చొక్కా తొడిగితే గ్లాసు దించాలి. చేరిన రోజే చెప్పానా లేదా?"

"చెప్పావు. కానీ ఆ పేజీ నాది. నాకు నచ్చింది పెట్టుకుంటా."

"పేజీ నీదే తల్లీ, చొక్కా మాత్రం అందరిదీ. పోయినేడు ఒకత్తె ఇలాగే సరదా పడితే కాలేజీవాళ్లు ఏడాదంతా ఈ ఇంటికి తాళం వేశారు. మళ్లీ వీధిన పడమంటావా?"

బుట్టలో ఫోన్ గుయ్‌మంది.

"విన్నావా? ఊరంతా నవ్వుతోంది."

"మా పిన్నేమో. నేనేం పెట్టినా ముందు ఆవిడే చూస్తుంది. ఆస్పత్రిలో నర్సు."

"ఇంకా నయం! చుట్టాలకి కూడా చూపించావన్నమాట."

ఫోన్ మళ్లీ గుయ్‌మంది. మళ్లీ. మేరెన్ విసుక్కుంటూ బుట్టను కాలితో బల్ల కిందికి తోసింది.

"తేల్చు పిల్లా. వీడియో తీసేస్తావా, మూట సర్దుకుంటావా?"

డార్సీకి ఏడుపొచ్చింది. కొత్తగా వచ్చినప్పుడు పలకరించే దిక్కు లేక భోజనాల దగ్గర ఒంటరిగా కూర్చుంటే, పక్కన కూర్చుని "నువ్వు నా చెల్లివి" అన్నది టిల్డా ఒక్కతే. ఆమెను వదిలి ఎక్కడికి పోతుంది?

"అక్క లేచాక అడుగుదాం. తనకి కోపం రాదు."

"దాన్ని అడిగేదేమిటి? నీకు బుద్ధి లేకపోయినా నాకుంది కాబట్టి సరిపోయింది. మేడమీదికి మోసుకెళ్లి, ఎవరు తొంగిచూసి ఫొటో తీసినా అక్షరాలు కనబడకుండా పడుకోబెట్టి వచ్చా." మేరెన్ పైకి చెవి ఒగ్గింది. "హమ్మయ్య, గురక కూడా ఆగింది. హాయిగా పడుకోనీ."

"సరే, తీసేస్తా," అంది డార్సీ ముక్కు చీదుతూ.

మేరెన్ ఫోన్ తీసిచ్చింది. డార్సీ వీడియో చెరిపేసింది. తెర మీద పిన్ని పంపినవన్నీ బారులు తీరి ఉన్నాయి. పైకి చదివింది.

"'అది నిద్ర గురక కాదు. ఊపిరి ఆడట్లేదు. అంబులెన్సుకి ఫోన్ చెయ్. వెంటనే పక్కకి ఒత్తిగిల్లేలా పడుకోబెట్టు. ముక్కూ నోరూ మూసుకుపోకుండా చూడు.'"

మేరెన్ మేడ మెట్ల వైపు చూసింది.

"అక్కా, తనని ఎలా పడుకోబెట్టావు?"

"బోర్లా," అంది మేరెన్.