వంశంలోనే ఉంది

పళ్ల మేస్త్రి నాలుగు నెలలుగా గోడవైపు తిరిగి అన్నం తింటున్నాడని పక్కవాటా ఆవిడ ఎవరితోనో అన్నదట. వాష్‌బేసిన్‌లో ఎర్రగా ఉమ్మడం కళ్లారా చూశానని కూడా అన్నదట. "ఊరందరికీ పళ్లు కట్టినాయన సొంత నోరు చూసుకోలేకపోయాడు, మనకెందుకులే" అని ముగించిందట. ఆ 'మనకెందుకులే' పదకొండిళ్లు తిరిగి పన్నెండో ఇంటికి, అంటే మేస్త్రి ఇంటికే చేరింది. మర్నాడు పొద్దున్నే భార్య ఆయన్ని ఆసుపత్రికి లాక్కొచ్చి డాక్టరమ్మ ముందు కుర్చీలో కూలేసింది.

"పళ్ల సెట్టు తియ్యండి" అంది డాక్టరమ్మ టార్చి వెలిగించి.

"తియ్యక్కర్లేదమ్మా. నేను కట్టుకున్నదే" అన్నాడు మేస్త్రి, ఆ మాటతో వైద్యం పూర్తయినట్టు.

ముప్ఫై ఏళ్లుగా ఆయన పేరంతా పట్టుమీదే నిలబడి ఉంది. ఆయన కట్టిన సెట్టు తుమ్మినా, దగ్గినా, మొగుడూపెళ్లాలు పోట్లాడుకున్నా కదలదు. ఎడమవైపు అంచు ఒక్క నూలుపోగంత పొడుగ్గా వదలడం ఆయన రహస్యం. దవడ నొక్కుతోందని ఎవరైనా తిరిగొస్తే, "కొత్త చెప్పు కరవదా? అదే అలవాటవుతుంది" అని పంపేసేవాడు. నోటికీ కాలికీ తేడా ఉందని ఆయనకి చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఉన్నవాళ్లు చెప్పకుండా పక్కవీధి మేస్త్రి దగ్గరికి పోయేవారు.

చివరికి భార్య కళ్లెర్రజేస్తే తీశాడు. డాక్టరమ్మ ఎడమ దవడ లోపల చాలాసేపు చూసింది. తెల్లటి మచ్చ, దాని చుట్టూ ఎర్రటి గట్టు. చూడడం అయీ కాకముందే మేస్త్రి సెట్టు టక్కున పెట్టేసుకున్నాడు.

"ఈ అంచు ఎన్నేళ్ల నుంచి ఒరుసుకుంటోంది?"

"అది ఒరుసుకోవడం కాదమ్మా, పట్టు."

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పుకొచ్చింది. ఒంట్లో ప్రతి కణంలోనూ జన్యువులుంటాయి. అదొక పెద్ద పుస్తకం. ఏ పేజీ చదవాలో, ఏ పేజీ మూసి ఉంచాలో దానిమీద గుర్తులుంటాయి. ఒకేచోట ఏళ్ల తరబడి పుండు మానకుండా వాపు రగులుతూ ఉంటే, అక్షరం చెక్కుచెదరకపోయినా ఆ గుర్తులు చెదిరిపోతాయి. 'ఇక పెరగొద్దు' అని రాసిన పేజీ తెరుచుకోకుండా అంటుకుపోతుంది. అప్పుడు కణాలకి అడ్డూ ఆపూ ఉండదు. ఒరుసుకున్న ప్రతివాళ్లకీ ఇలా అవుతుందని కాదు గానీ, ఈ మచ్చ మాత్రం ఆ దారిలోనే ఉన్నట్టుంది. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి.

"ఇంకా చెయ్యి దాటలేదనే అనుకుంటున్నాను. కానీ ఈ సెట్టు ఇవాళ్టి నుంచి నోట్లో పెట్టకూడదు" అంది.

గంపెడు ధాన్యంలో పిచ్చుక తనకి కావలసిన గింజే ఏరుకుంటుంది. మేస్త్రి అంత ఉపన్యాసంలోంచి ఒక్క ముక్క ఏరుకున్నాడు.

"జన్యువులన్నారు చూశారూ, అదీ మాట. మా వంశంలోనే ఉందమ్మా. మా నాన్నకి ఎడమ దవడే. మా బాబాయికీ ఎడమ దవడే. మా మేనత్త పాపం, ఆవిడకీ అక్కడే. రక్తంలో ఉన్నదానికి ఈ పళ్లేం చేస్తాయి?"

తాతముత్తాతల బిరుదులు చదివినట్టు చదివాడు. డాక్టరమ్మ కాగితం తీసి గళ్లు గీసి, వాటిల్లో ముగ్గురినీ ఎక్కించింది. ఒకే ఇంట్లో ముగ్గురు, ఒకే దవడ. ఆవిడ కూడా కాస్త వెనక్కి తగ్గింది.

"మీ తాతగారికి?"

"ఆయనకి బోసినోరు. తొంభై దాటేదాకా చిగుళ్లతోనే నమిలాడు. ఏ రోగమూ లేదు."

డాక్టరమ్మ కలం ఆ గడి మీద ఆగింది. "ఒక్కోసారి ఒక తరం తప్పించి వస్తుందమ్మా" అని మేస్త్రి ఆవిడకి వైద్యం నేర్పాడు.

వంశం సంగతీ చూద్దాం, ముందు సెట్టు తియ్యండి అని ఆవిడ మళ్లీ అంది. మేస్త్రి వినలేదు. ఇవాళ ఈయన బోసినోటితో వీధిలోకి వెళితే రేపు కొట్టుకి ఎవరొస్తారు? వంశదోషం పరువైన జబ్బు. పళ్ల మేస్త్రిని పళ్లే కరిచాయంటే ఊరు నవ్వదూ?

భార్య కాగితం మీదికి వంగింది.

"మా అమ్మని కూడా వెయ్యండి డాక్టరమ్మా. ఆవిడకీ ఎడమ దవడే."

"పెళ్లికి ముందు మీకూ వీళ్లకీ చుట్టరికం ఉందా?"

"లేదండీ. ముక్కూమొహం తెలీని సంబంధం."

"అయితే మీ అమ్మగారు ఈ లెక్కలోకి రారు. వీళ్ల రక్తం ఆవిడకెలా వస్తుంది?"

మేస్త్రి పళ్లన్నీ కనపడేలా నవ్వాడు. సెట్టు కదల్లేదు. "తనకి చదువు తక్కువమ్మా. రక్తసంబంధమంటే ఏమిటో తెలీదు."

భార్య సంచిలోంచి సెట్టు పెట్టుకునే ఖాళీ డబ్బీ తీసి, మూత తెరిచి ఆయన ముందుకు జరిపింది.

"రక్తం సంగతి నాకు తెలీదు. మీ నాన్నగారికీ, బాబాయిగారికీ, మేనత్తకీ, మా అమ్మకీ పళ్లు కట్టింది మీరే. మీరు చిన్నబుచ్చుకుంటారని నలుగురూ పోయేదాకా ఆ సెట్లు తియ్యలేదు."