ఇంటి పాఠం

“పాపం, కూర్చోమనండి టీచరుగారూ. నిలబడలేకపోతోంది,” అంది శిరానుష్.

పెద్ద టీచరు అరుసియాగ్ కూర్చోమనలేదు. బల్ల అవతల నిలబడ్డ ఆడమనిషిని ఎగాదిగా చూసింది. పగిలిన మడమలు, మాసిన ముసుగు. ఎంత కప్పుకున్నా గడ్డం మీది నీలం పచ్చబొట్లు కనిపిస్తూనే ఉన్నాయి. తురుష్కులు ఊళ్ళ నుంచి తరిమేశాక ఎడారి అరబ్బుల డేరాల్లో ఏళ్ళు గడిపి బయటపడ్డ మన అర్మేనియా ఆడవాళ్ళకి అవి మామూలే. ఎవరూ వాటి గురించి అడగరు, వాళ్ళూ చెప్పరు.

“పేరు?”

“యెగ్సా అండీ. గరబెద్ భార్యని. మాది ఖర్బెర్ద్ పక్కన పల్లెటూరు. మా అమ్మాయి నువర్త్ ఇక్కడుందని అలెప్పోలో చెప్పారు. ఇలాంటి బళ్ళు ఎన్ని తిరిగానో నాకే తెలీదు. ఇక్కడా లేదంటే...” ఆమె కిటికీలోంచి చూసింది. కొండ కింద జుబైల్ రేవు, దాని వెనక సముద్రం. “ఇంక వెతకనండి.”

ఆ చూపు సముద్రం మీదే ఆగిపోవడం శిరానుష్ గమనించింది. ఆమెకి కాస్త దగ్గరగా జరిగింది.

శిరానుష్ కుట్టుపని నేర్పడానికి ఈ బడికి వచ్చి వారమే అయింది. ఈ వారంలోనే పెద్ద టీచరు కాఠిన్యం గురించి బోలెడు కథలు విన్నది. తల్లినంటూ వచ్చిన ఒకావిడ, నిజానికి పనిపిల్ల కోసం వచ్చిందని పసిగట్టి గేటు దాకా తరిమిందట. చర్చివాళ్ళు ఈ అనాథపిల్లల బడి పెట్టిన నాటి నుంచీ, అరుసియాగ్ ప్రశ్నలకు జవాబు చెప్పకుండా ఒక్క పిల్లా గేటు దాటలేదు. నియమం మంచిదే. కానీ ఎదుటి మనిషి మొహం చూడక్కర్లేదా?

“విడిపోయినప్పుడు పిల్లకెన్నేళ్ళు?”

“ఐదండీ.”

“ఇప్పుడు పన్నెండు. మొహం గుర్తుపడతావా?”

“కన్నతల్లినండీ...”

“గుర్తుపడతావా అని అడుగుతున్నా.”

యెగ్సా తల వంచుకుంది. “తెలీదండీ.”

“మీ ఇంట్లో ఏముండేవి?”

“ఆయన గుర్రాలకి లాడాలు కొట్టేవారు. ఒంటిచెవి గాడిద ఒకటుండేది. మిద్దె మీద ఆప్రికాట్లు ఎండబోసేదాన్ని. దాన్ని నిద్రపుచ్చుతూ, చందమామ మన మిద్దె మీద పళ్ళకి కాపలా కాస్తోందే అని జోల పాడేదాన్ని.”

అరుసియాగ్ కూడా కిటికీలోంచి సముద్రం వైపు చూసింది. తర్వాత లేచింది. “ఇక్కడే ఉండు. పిల్లని నేనే తీసుకొస్తాను.”

బయట ఆమె గొంతు ఖంగున మోగింది. పిల్లలంతా బట్టలు తీసుకుని వాగుకి వెళ్ళాలట. బట్టలుతికే రోజు కాదని ఎవరో గొణిగితే కసురుకుంది కూడా. ఎంతసేపటికీ తిరిగి రాలేదు. ఈవిడకి ఎదుటివాళ్ళని ఏడిపించడం సరదాలా ఉంది అనుకుంది శిరానుష్. యెగ్సాని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది.

“అది నన్ను మర్చిపోయి ఉంటుందా అమ్మా?”

“మర్చిపోనివ్వరమ్మా ఇక్కడ. రోజూ సాయంత్రం ప్రార్థనకి ముందు ఒక్కొక్కరే లేచి, మా ఇల్లు ఇలా ఉండేది, మా అమ్మ ఇలా పాడేది అని అందరికీ వినిపించాలి. ఇంటి పాఠం అంటారు. మీ అమ్మాయి ఎవరో నాకింకా తెలీదు గానీ, వారానికే నలుగురి ఇళ్ళు నాకు కంఠతా వచ్చేశాయి.”

యెగ్సా మొదటిసారి కాస్త నవ్వింది.

తలుపు తెరుచుకుంది. అరుసియాగ్ వెనక సన్నటి పిల్ల. చెవుల దాకా కత్తిరించిన నల్లటి జుట్టు.

“దాని జుట్టు గోధుమరంగులో...” అంది యెగ్సా.

“చలికాలంలో జ్వరాలొచ్చి అందరికీ గుండ్లు చేయించాం. తర్వాత నల్లగా మొలిచింది. చెప్పవే, మీ నాన్న ఏం చేసేవాడు?”

పిల్ల ముందు టీచరు మొహం చూసింది. “లాడాలు కొట్టేవాడు.”

“గాడిద?”

“ఒంటిచెవిది.”

“మిద్దె మీద?”

“ఆప్రికాట్లు.”

ప్రతి జవాబుకీ ముందు పిల్ల టీచరు కళ్ళలోకే చూస్తోంది. బెత్తానికి ఎంత భయపడిపోయిందో అనుకుంది శిరానుష్. 

యెగ్సా ముందుకొచ్చింది. “ఆ రోజు నిన్ను ఆ ముసలమ్మ బండిలోకి ఎక్కిస్తూ నీ చేతిలో ఏం పెట్టానే, బంగారం?”

పిల్ల పెదాలు వణికాయి. అరుసియాగ్ అరచేత్తో బల్ల మీద చరిచింది.

“ఆ రోజు గురించి ఇక్కడ ఎవరూ ఎవర్నీ అడగరు! అడిగితే పిల్లలకి నిద్రలుండవు. నువ్వు పాటందుకో.”

శిరానుష్‌కి ఒళ్ళు మండిపోయింది. తల్లి నోరు కూడా నొక్కేయాలా?

పిల్ల పాడింది. పాటలో చందమామ మిద్దెక్కేసరికి యెగ్సా గొంతు కలిపింది. పాట పూర్తికాకుండానే నేలమీద కూలబడి పిల్ల పాదాలు వాటేసుకుంది. పిల్ల గుంజలా నిలబడి, కాసేపటికి వంగి ఆ తలమీద చెయ్యి వేసింది.

“లే అమ్మా. ఇంటికెళ్దాం.”

శిరానుష్ వెక్కి వెక్కి ఏడ్చింది. అరుసియాగ్ మాత్రం తన శాలువా తీసి పిల్లకి చుట్టింది. రొట్టె, ఆలివ్‌లు మూట కట్టిచ్చి తొందరపెట్టింది. “వాగు దగ్గర్నుంచి పిల్లలు వచ్చేలోపు బయల్దేరండి. ట్రిపోలీ బండి వెళ్ళిపోతుంది.”

గేటు పడగానే శిరానుష్ ఇక ఆగలేకపోయింది.

“మీది గుండె కాదండీ, బండ! తల్లీబిడ్డల్ని కలపడానికి ఇన్ని ఆరాలా? స్నేహితురాళ్ళకి చెప్పి వెళ్ళే భాగ్యం కూడా లేకుండా చేశారు పిల్లకి. పోనీలెండి. వాళ్ళు వస్తున్నట్టున్నారు, నువర్త్ వాళ్ళమ్మ దొరికిందని నేనే చెబుతాను. సంతోషిస్తారు.”

“చెప్పకు.”

“అదీ తప్పేనా? ఎందుకు చెప్పకూడదు?”

అరుసియాగ్ కుర్చీలో కూలబడింది.

“చలికాలంలో నువర్త్ సమాధి మీద మట్టి వేసింది వాళ్ళే.”